కావలి నుంచి ఆరుగురు, అండమానా మాల్దీవులా: రిసార్ట్ కన్నా ముందు దారి చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కావలి నుంచి ఆరుగురు: మీరు, మీ ఆవిడ, పదకొండేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, షుగర్ బీపీ ఉన్న నాన్నగారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. దసరా సెలవుల్లో ఏదైనా ద్వీపానికి వెళ్లి రిసార్ట్‌లో ఉండి రావాలని ఉంది. బడ్జెట్ నాలుగు లక్షలు. అండమాన్‌కి ఒక ఏజెంట్ ఐదు రాత్రుల ప్యాకేజీ ఇచ్చాడు. అందులో అక్కడి ముఖ్య పట్టణం పోర్ట్ బ్లెయిర్, దాని చుట్టుపక్కల ద్వీపాలు రాస్, బారాటాంగ్, హావ్‌లాక్, నీల్ అన్నీ ఉన్నాయి. ఇంకొకాయనేమో ఆ డబ్బుకి మాల్దీవులే వస్తుంది అన్నాడు. రొయ్యల చెరువుల వల్ల మార్చి, ఏప్రిల్‌లో మీరు కదల్లేరు. ఏది ఖాయం చేసుకోవాలి?

నేను నెల్లూరులో ఉంటూ ఏళ్ల తరబడి మన జిల్లా కుటుంబాలకు ఇలాంటి ప్రయాణాలు కుదిర్చి పంపిస్తున్నదాన్ని. ముందు సమాధానం చెప్పేస్తాను. అండమాన్‌కి వెళ్లండి. దసరాకి వద్దు, సంక్రాంతి పోయాక జనవరి మూడో వారంలో వెళ్లండి. ఆ ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. హావ్‌లాక్ ఒక్కటే పెట్టుకుని అక్కడ మూడు రాత్రులు ఉండండి.

ద్వీపానికి వెళ్లేవాళ్లు అందరూ ముందు గది ఫొటోలు చూస్తారు. మంచం మీద గులాబీ రేకులు, కిటికీలోంచి నీలం నీళ్లు. నేను ముందు చూసేది దారి. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఆ గదిలో అమ్మగారు కాళ్లు చాపుకుని కూర్చునే దాకా ఎన్ని బళ్లు మారాలి, ఎన్ని మెట్లు ఎక్కాలి, ఎంతసేపు నిలబడాలి, బాబు నిద్ర ఏ టైముకి చెడుతుంది. ద్వీపం ప్రయాణంలో డబ్బూ ఓపికా ఎక్కువగా పోయేది ఈ మార్పుల దగ్గరే. అందుకే మీ ఏజెంట్ ప్యాకేజీ చూడగానే నాకు నచ్చలేదు. ఐదు రాత్రుల్లో పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, మళ్లీ పోర్ట్ బ్లెయిర్ అంటే పెట్టెలు సర్దడం, విప్పడం, జెట్టీ దగ్గర లైన్లో నిలబడటం, ఇదే పని. కాగితం మీద ఎన్ని ఊళ్లు కనిపిస్తే అంత లాభం అనిపిస్తుంది. మోకాళ్లు నొప్పిగా ఉన్నావిడకి ప్రతి ఊరూ ఇంకో నాలుగు మెట్లు.

బారాటాంగ్ సంగతి విడిగా చెప్పాలి. సున్నపురాయి గుహలు బాగుంటాయి, కాదనను. కానీ అక్కడికి జరావా తెగవారి రిజర్వు అడవిలోంచి కాన్వాయ్‌గానే వెళ్లాలి. జిర్కటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర నిర్ణీత సమయాలకే బళ్లను వదులుతారు. మొదటి కాన్వాయ్ అందుకోవాలంటే తెల్లవారుజామున చీకట్లోనే హోటల్ నుంచి బయల్దేరాలి. దారిలో బండి ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆ తరువాత పంటు మీద దాటి, స్పీడ్ బోటు ఎక్కి, నడవాలి. సాయంత్రం మళ్లీ అంత దూరం వెనక్కి. నాలుగేళ్ల పిల్లాడితో, అమ్మగారితో ఇది వద్దేవద్దు. పాప పెద్దయ్యాక దాన్ని తీసుకుని మీరిద్దరూ వెళ్దురు.

దసరా ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మనకు వాన అంటే ఆశ్వయుజ కార్తీకాలే కదా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాలను ముంచే వాయుగుండాల్లో చాలావరకు అండమాన్ సముద్రం పరిసరాల్లోనే పుట్టి ఇటు నడిచి వస్తాయి. అంటే మన ఇంట్లో కూర్చుని టీవీలో చూసే తుపాను పుట్టింటికి మనమే వెళ్లినట్టు. అల్పపీడనం పట్టిందంటే విమానం దిగినా దిగుతుంది కానీ, ద్వీపాల మధ్య తిరిగే ఫెర్రీలు ఆగిపోతాయి. 2016 డిసెంబరు మొదటి వారంలో అలాగే హావ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. తరువాత కొద్ది రోజులకు చెన్నైని తాకిన వర్దా తుపాను అదే. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. కాబట్టి మీలాంటి కుటుంబానికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న నాలుగు నెలలే నమ్మకమైనవి. సముద్రం నెమ్మదిస్తుంది, నీళ్లు తేటగా ఉంటాయి.

మార్చి, ఏప్రిల్ మీకు చెరువుల్లో రొయ్యలు పట్టే కాలం. అయితే జనవరిలో చాలామంది చెరువులు ఎండగట్టి వచ్చే పంటకి సిద్ధం చేసుకుంటూ ఉంటారు కాబట్టి మీకూ కాస్త వెసులుబాటు ఉంటుందనుకుంటున్నాను. పండగ మూడు రోజులూ ఇంట్లో ఉంటే అమ్మగారికి మనసు కుదురుగా ఉంటుంది. కనుమ వెళ్లాక బయల్దేరితే పిల్లలకు స్కూలు మూడు నాలుగు రోజులు పోతుంది, పోనివ్వండి. పండగ రోజులు దాటితే టికెట్ల ధరలూ కొంత దిగుతాయి. జనవరి 26 సెలవుకి ఆనుకుని వచ్చే వారాంతం మాత్రం తప్పించండి.

ఇక దారి. కావలి నుంచి చెన్నై జాతీయ రహదారి మీద దాదాపు 230 కిలోమీటర్లు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానం రెండుంపావు గంటలు అటూఇటూ. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు. టికెట్ల సైట్లలో పాత పేరుతోనూ కనిపిస్తుంది కాబట్టి కంగారు పడొద్దు. హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ 2018లోనే మార్చారు. ఫెర్రీ టికెట్ మీద ఆ పేర్లు చూసి వేరే ఊరికి బుక్ అయిందేమోనని ఫోన్ చేసేవాళ్లు నాకు తెలుసు.

అండమాన్ విమానాల్లో చాలా వరకు పొద్దున్నే ఉంటాయి. మనవాళ్లు చేసే పని ఏంటంటే, రాత్రి పదకొండింటికి కావలిలో కారెక్కి, నిద్ర లేకుండా చెన్నై ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాక్కం చేరి, అలాగే విమానం ఎక్కేస్తారు. ఒక రాత్రి హోటల్ డబ్బులు మిగిలాయి అనుకుంటారు. మొదటి రోజంతా మత్తులో పోతుంది, పెద్దాయనకి బీపీ పెరుగుతుంది. అలా వద్దు. ముందురోజు మధ్యాహ్నం రైల్లో చెన్నై సెంట్రల్‌కి వెళ్లండి. అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టు దాకా ఉంది, లిఫ్టులు ఉన్నాయి. ఎయిర్‌పోర్టు దగ్గర తిరుశూలం, పల్లావరం వైపు మామూలు గది తీసుకుని పడుకోండి. నా లెక్కలో ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన రాత్రి అదే.

అమ్మగారికి విమానం టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడగండి. దానికి డబ్బు తీసుకోరు. చాలామంది పెద్దవాళ్లు ‘నాకేం, నేను నడవగలను’ అని మొహమాటపడతారు. చెన్నై ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ నుంచి గేటు దాకా నడక తక్కువేం కాదు. మీరే చెప్పి ఒప్పించండి. వీల్‌చైర్ ఉంటే సెక్యూరిటీ లైను కూడా తొందరగా అయిపోతుంది.

దిగిన రోజు ద్వీపానికి పరిగెత్తకండి. కొందరు పొద్దున విమానం దిగి మధ్యాహ్నం ఫెర్రీకి హావ్‌లాక్ వెళ్లిపోయేలా ప్లాన్ కడతారు. విమానం గంట ఆలస్యమైతే ఫెర్రీ పోతుంది, ఆ రోజు గది డబ్బూ పోతుంది. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి, మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం సెల్యులార్ జైలుకి వెళ్లండి. నాన్నగారికి ఇది చాలా నచ్చుతుంది. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. రంప తిరుగుబాటులో అల్లూరి అనుచరుల్ని పంపింది అండమాన్‌కే. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి గారు శిక్ష అనుభవించింది ఈ జైల్లోనే. పిల్లలకి ఈ రెండు మాటలూ ముందే చెప్పి తీసుకెళ్తే వాళ్లు ఆ గదుల్ని చూసే చూపే వేరుగా ఉంటుంది. పైన టవర్‌కి మెట్లున్నాయి, అమ్మగారు కింద చెట్టు దగ్గర కూర్చోవచ్చు. ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు. ఆటో దగ్గరా, కూరగాయల అంగట్లోనూ తెలుగు వినపడుతుంది.

ఇంకో సంగతి. అక్కడ కూడా మన గడియారమే కానీ, ద్వీపాలు బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి పొద్దు మనకన్నా సుమారు 50 నిమిషాలు ముందు నడుస్తుంది. జనవరిలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి లేచి తయారై బీచ్‌కి వెళ్దాం అనుకుంటే వెళ్లేసరికి వెలుతురు అయిపోతుంది. బీచ్ పని పొద్దున్నే పెట్టుకోండి. పొద్దున ఆరింటికే మంచి వెలుగు ఉంటుంది, ఎండ ఉండదు. మన పెద్దవాళ్లు ఎలాగూ ఆ టైముకి లేచే ఉంటారు.

రెండో రోజు హావ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీ. కంపెనీని బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. లోపల ఏసీ, కుర్చీలు బస్సు కుర్చీల్లాగే. వాంతులయ్యే అలవాటు ఎవరికైనా ఉంటే కింది డెక్‌లో మధ్యగానో వెనకగానో సీట్లు తీసుకోండి, ముందు భాగం బాగా ఎగిరి పడుతుంది. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, పూరీలు తినీ ఎక్కొద్దు. రెండు ఇడ్లీలు చాలు. ప్రయాణం మాత్ర ఎక్కడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు. నాన్నగారు బీపీ, షుగర్ మందులు వాడుతున్నారు కాబట్టి ఆయనకీ, బాబుకీ ఏ మాత్ర, ఎంత అన్నది మీ డాక్టరునే అడగండి.

ఫెర్రీ ఎక్కడం దిగడం గురించి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నాను. జెట్టీకీ బోటుకీ మధ్య ఒక ఇనప పలక వేస్తారు. నీళ్లు పోటు మీద, అంటే సముద్రం పైకి పొంగి ఉంటే ఆ పలక సమానంగా ఉంటుంది. పాటు మీద, అంటే నీళ్లు తగ్గి ఉంటే బోటు కిందికి దిగి పలక వాలుగా ఉంటుంది, కెరటం వచ్చినప్పుడల్లా కాస్త కదులుతుంది. సిబ్బంది రెండు వైపులా నిలబడి చెయ్యి పట్టుకుంటారు. అమ్మగారి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. హ్యాండ్‌బ్యాగ్, నీళ్ల సీసా, మనవడు, ఏదీ ఆవిడ చేతిలో పెట్టొద్దు. చీర కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడతాయి కాబట్టి ఆ పూటకి చుడీదార్ వేసుకోమని చెప్పండి. వేసుకోనంటే చీర కాస్త పైకి కట్టుకోమనండి. అందరూ తోసుకుంటూ దిగేదాకా ఆగి చివర్లో దిగితే ఇబ్బంది ఉండదు.

హావ్‌లాక్‌లో గది ఎక్కడ తీసుకోవాలి? ఇక్కడే చాలామంది డబ్బు పెట్టి దిగులు కొనుక్కుంటారు. రిసార్టుల్లో ఎక్కువ భాగం తూర్పు ఒడ్డున, విజయనగర్, గోవింద్‌నగర్ బీచ్‌ల వెంట ఉన్నాయి. ఫొటోలో గది ముందే సముద్రం. అబద్ధం కాదు, నిజమే. కానీ ఆ ఫొటో పోటు మీద ఉన్నప్పుడు తీసింది. పాటు వచ్చినప్పుడు నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి, రాళ్లూ చచ్చిన పగడాలూ బయటపడతాయి. ఈత సంగతి దేవుడెరుగు, చెప్పులు లేకుండా నడవలేం. ఆరు గంటల తరువాత అదే చోట మళ్లీ నీళ్లు వచ్చి గడ్డి అంచుని తాకుతాయి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తూ ఉంటుంది. కాబట్టి బుక్ చేసేముందు మీ తేదీల్లో పోటు ఎన్నింటికి వస్తుందో చూసుకోండి, రిసార్టు వాళ్లనే అడిగినా చెప్తారు. పాటు సమయం కూడా వృథా కాదు. రాళ్ల మధ్య గుంటల్లో వేలెడంత చేపలు, నీలం రంగువి, చారలవి తిరుగుతూ ఉంటాయి. ఇసకలో గవ్వ పడి ఉందని పాప తీయబోతే ఆ గవ్వకి కాళ్లు వచ్చి నడిచిపోతుంది. లోపల సన్యాసి పీత ఉంటుంది. పిల్లలు గంటలు గంటలు అక్కడే ఉండిపోతారు. చెట్లు ఒడ్డు మీదికి వంగి ఉంటాయి కాబట్టి నీడలో కుర్చీ వేసుకుని అమ్మగారు వాళ్లని చూస్తూ కూర్చోవచ్చు.

స్నానాలకి రాధానగర్ బీచ్. పడమటి ఒడ్డున ఉంది, ఇసక మెత్తగా ఉంటుంది, లోతు నెమ్మదిగా పెరుగుతుంది. లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు, టాయిలెట్లు ఉన్నాయి. శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఉన్న బీచ్ అది. రిసార్టు తూర్పున తీసుకున్నా, రోజూ ఒక పూట కారు మాట్లాడుకుని రాధానగర్ వెళ్లి రండి. ఒక సాయంత్రం సూర్యాస్తమయానికి, ఒకటి రెండు పొద్దులు ఈతకి. ఎలిఫెంట్ బీచ్‌కి మీరూ, పాపా వెళ్లండి. జెట్టీ నుంచి చిన్న బోటులో పోవాలి, దిగేటప్పుడు నీళ్లలోకే దిగాలి. పగడాలు, రంగు చేపలు చూసే స్నార్కెలింగ్ అక్కడే బాగుంటుంది. అమ్మగారిని అక్కడికి లాక్కెళ్లొద్దు.

మన పిల్లలు మన జిల్లాలోని తుమ్మలపెంట, మైపాడు బీచ్‌లు చూసి పెరిగినవాళ్లు. సముద్రం అంటే తెలుసు అనుకుంటారు. మన ఒడ్డున కెరటం జోరుగా ఉంటుంది కాబట్టి భయం ఉంటుంది, దూరం వెళ్లరు. అక్కడ నీళ్లు చెరువులా నిలకడగా కనిపిస్తాయి, భయం పోతుంది. ప్రమాదం అక్కడే. బాబుకి సైజుకి సరిపడే లైఫ్ జాకెట్ ఇక్కడి నుంచే కొనుక్కెళ్లండి, అక్కడ దొరికేవి ఎక్కువగా పెద్దవాళ్ల సైజు. అందరికీ నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు కావాలి, పగడం గీరుకుంటే పుండు త్వరగా మానదు. షుగర్ ఉన్న నాన్నగారికి ఇది మరీ ముఖ్యం. అండమాన్‌లో కొన్ని చోట్ల ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, ఎవరూ ఈదని చోట, మడ అడవి దగ్గర, చీకటి పడ్డాక నీళ్లలోకి దిగొద్దు. ఈ మాటలో బేరం లేదు.

స్కూబా, అంటే గాలి సిలిండరు పెట్టుకుని సముద్రం లోపలికి మునగడం గురించి పాప అడుగుతుంది. పదేళ్లు దాటితే సాధారణంగా ఒప్పుకుంటారు. మీరు పక్కన ఉండి, శిక్షకుడు ఒక్కరికి ఒక్కడు ఉంటేనే పంపండి. నాన్నగారికి వద్దు. డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల ఎడం ఉండాలి. నేనైతే పూర్తిగా ఒక రోజు ఉంచమంటాను. అందుకని హావ్‌లాక్‌లో రెండో రోజే అది పూర్తి చేసుకోండి, ఆఖరి రోజుకి పెట్టొద్దు.

మూడు రాత్రుల తరువాత పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగి వచ్చి, ఒక రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు విమానం. ఈ చివరి రాత్రిని కోసేస్తే ఇంకో పూట హావ్‌లాక్‌లో ఉండొచ్చు కదా అని అందరూ అడుగుతారు. ఆ పూట ఫెర్రీ రద్దయితే ఆరు విమానం టికెట్లు పోతాయి. ఆత్మకూరు వైపు ఒక కుటుంబానికి ఒక ఏజెంట్ ఇలాగే పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం విమానం పెట్టి ఇచ్చాడు. గాలి లేచి ఫెర్రీ ఆగింది. వాళ్లు కొత్తగా కొన్న టికెట్ల ఖర్చు మొదటి ప్యాకేజీలో సగం దాకా అయింది. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. మీరు పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగొచ్చిన రోజు ఓపిక ఉంటే రాస్ ద్వీపం చూడండి. దగ్గరే, బోటులో కొద్ది నిమిషాలు. జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, నడవలేనివాళ్లకి బ్యాటరీ బళ్లు ఉన్నాయి.

గదుల సంగతి. రెండు గదులు పక్కపక్కనే, నేల మీదే ఉండాలని రాతపూర్వకంగా తీసుకోండి. హావ్‌లాక్‌లో కాటేజీలు కొన్ని దిమ్మెల మీద కడతారు, నాలుగైదు మెట్లుంటాయి, పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. ‘మెట్లు ఎన్ని’ అని నేరుగా అడగండి, ఫొటో పంపమనండి. రిసెప్షన్ నుంచి గదికి దూరమెంత, వేడినీళ్లు ఏ వేళల్లో, కరెంటు పోతే ఏసీ నడుస్తుందా, ఇవి అడగాల్సినవి. భోజనం విషయంలో పెద్ద కష్టం లేదు. ఇడ్లీ, దోసె, పప్పన్నం దొరుకుతాయి. చేపలు బాగుంటాయి కానీ, నెల్లూరు చేపల పులుసు రుచి వెతుక్కోవద్దు. పచ్చడి, కందిపొడి తీసుకెళ్తే పచ్చడి సీసాని చెక్-ఇన్ లగేజీలో గట్టిగా కట్టి పెట్టండి, చేతి సంచిలో ఆపేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. నాన్నగారి మందులు రెండు భాగాలు చేసి, పది రోజులకు సరిపడా, ఒక భాగం ఎప్పుడూ చేతి సంచిలో ఉంచండి. హావ్‌లాక్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్ద ఆస్పత్రి అంటే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్. ఇన్సులిన్ వాడుతుంటే గదిలో ఫ్రిజ్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఏటీఎంలు తక్కువ, కాస్త నగదు దగ్గర పెట్టుకోండి. ఫోను సిగ్నల్ 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక చాలా మెరుగుపడింది, అయినా బీచ్‌ల దగ్గర పోతుంటుంది.

పిల్లలకి ఒక మాట ముందే చెప్పి ఉంచండి. పగడం ముక్క, శంఖం, గవ్వ ఏరి తెచ్చుకోవడం అక్కడ కుదరదు. పగడాలకీ, చాలా రకాల శంఖాలకీ వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఎయిర్‌పోర్టులో స్కానర్‌లో కనిపిస్తే బ్యాగు విప్పిస్తారు. బాబు నిక్కరు జేబులు కూడా ఒకసారి చూసుకోండి. ఆ పిల్లాడు ఏడవడం, మీరు టెన్షన్ పడటం, ఇదంతా ఎందుకు.

ఇప్పుడు మాల్దీవులు. చెడ్డదని చెప్పను. గది తలుపు తీస్తే అలలు లేని నీలం సముద్రం, రోజంతా ఒక్కచోటే ఉండటం, ఇది పెద్దవాళ్లకి నిజంగా హాయి. వానాకాలం లెక్క కూడా అక్కడ వేరు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి రోజులు. మన దేశం వాళ్లకి వీసా డబ్బు లేదు, దిగాక ఇస్తారు. రానుపోను టికెట్, హోటల్ బుకింగ్ చూపించాలి, ప్రయాణానికి 96 గంటల లోపు వాళ్ల ఇమ్మిగ్రేషన్ వాళ్ల ఇముగా సైట్‌లో ఉచితంగా వివరాలు నింపాలి. దానికి డబ్బు అడిగే సైట్లు మోసం. ఆరుగురికీ పాస్‌పోర్టులు ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. లేకపోతే ఆ పని ముందు.

నాకు అడ్డం పడేది బిల్లు. మీకు చెప్పిన నాలుగు లక్షలు గది అద్దె మాత్రమే అయి ఉంటుంది. అక్కడ భోజనం, సేవలు అన్నిటి మీదా 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని పైన పర్యాటక జీఎస్టీ. ఈ పన్ను 2025 జులై నుంచి 17 శాతం. మెనూలో 100 డాలర్లుంటే కట్టేది 128 డాలర్ల 70 సెంట్లు. రిసార్టులో గ్రీన్ టాక్స్ అనే పర్యావరణ పన్ను 2025 జనవరి నుంచి తలకి రోజుకి 12 డాలర్లు. రెండేళ్ల లోపు పిల్లలకే మినహాయింపు, మీ బాబుకి కట్టాల్సిందే. ఆరుగురికి నాలుగు రాత్రులంటే ఇదొక్కటే 288 డాలర్లు, పాతిక వేల దాకా. ఇది కాక మాలే ఎయిర్‌పోర్టు నుంచి రిసార్టుకి దారి ఖర్చు. దూరం రిసార్టులకి నీళ్ల మీద దిగే చిన్న విమానం, సీప్లేన్, మనిషికి వందల డాలర్లలో ఉంటుంది. అది పగటి వెలుగులోనే ఎగురుతుంది. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలేలో ఇంకో గది. సామాను కూడా సాధారణంగా 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలే ఒప్పుకుంటారు. రిసార్టు ఒక ద్వీపం మొత్తం కాబట్టి బయటికి వెళ్లి టిఫిన్ తినడం అనేది లేదు. మూడు పూటలా భోజనం కలిసిన ప్లాన్ కాకపోతే నీళ్ల సీసా కూడా డాలర్లే.

అయినా వెళ్తామంటే మాలేకి దగ్గరగా, స్పీడ్ బోటులో అరగంటలో చేరే రిసార్టు తీసుకోండి. నీళ్ల మీద కట్టిన విల్లా మీకు వద్దు. చాలా చోట్ల చిన్నపిల్లల్ని అందులో ఉండనివ్వరు, ఉండనిచ్చినా రాత్రంతా మీకు నిద్ర ఉండదు. ఒడ్డున ఇసక మీద ఉన్న గదులే నయం. అమ్మగారు రోజూ పూజ చేసుకునేవారైతే ముందే చెప్పండి, పూజా విగ్రహాల్ని ఆ దేశంలోకి తీసుకెళ్లనివ్వరు. చాలామందికి ఇది ఎయిర్‌పోర్టులో తెలుస్తుంది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్, అంటే ముందే పట్టే ఆదాయ పన్ను, వసూలు చేస్తాడు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు తిరిగి అడగొచ్చు. రసీదు దాచుకోండి.

లక్షద్వీప్ కూడా మనసులో ఉంటే చెప్తున్నాను. అందం తక్కువేమీ కాదు కానీ ప్రవేశ అనుమతి ముందే తీసుకోవాలి, కొచ్చి నుంచి వెళ్లాలి, గదులు తక్కువ. ఈసారికి మీ కుటుంబానికి అది కాదు.

కాబట్టి ఈ వారంలో చేయాల్సింది ఇది. ముందు అమ్మగారినీ నాన్నగారినీ డాక్టరుకి చూపించి, విమానానికీ బోటుకీ సరే అనిపించుకోండి. తరువాత చెన్నై, పోర్ట్ బ్లెయిర్ విమానం టికెట్లు. ఆ తేదీల్లో పోటు వేళలు చూసుకుని హావ్‌లాక్ గదులు. గదులు ఖాయమయ్యాక ఫెర్రీ టికెట్లు, వెళ్లేది పొద్దున తొమ్మిది దాటాక ఉండేలా. ఏ బుకింగ్ అయినా తుపాను వల్ల రద్దయితే డబ్బు ఎలా తిరిగిస్తారో వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో రాయించుకోండి. అందరి ఆధార్‌లూ, బాబుది కూడా, తీసి పేర్లు, పుట్టిన తేదీలు సరిచూడండి. టికెట్ మీద పేరు, కార్డు మీద పేరు ఒకటిగా లేకపోతే గేటు దగ్గర ఆపుతారు. మీ తేదీలు అనుకున్నాక ఇక్కడే రాయండి, పోటు వేళలు చూసి రాధానగర్‌కి ఏ పూట వెళ్లాలో, రిసార్టు ముందు ఏ పూట దిగొచ్చో రోజు రోజుకీ రాసి పెడతాను.